‘నాకు తగ్గింది, మీరూ వేసుకోండి’
మైగ్రేన్ గ్రూపుల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మైగ్రేన్ ఉన్నవాళ్లు ఫోన్లో గ్రూపులుగా చేరి ఒకరితో ఒకరు చెప్పుకునే మాటల చుట్టూ తిరిగే ప్రశ్నలివి. జవాబుల్లో డోసులు రాసిన చోట అవి పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చేవి. మీ డోసు మాత్రం మీ డాక్టరు రాసిందే.

ప్రశ్న: నొప్పి మొదలవగానే గ్రూపులో ‘తల పగిలిపోతోంది, ఏ మాత్ర వేసుకోను?’ అని పెట్టాను. గంటలో ముప్ఫై జవాబులొచ్చాయి. వాటిలో తొమ్మిది రకాల మందులున్నాయి. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మీ వయసెంతో, బీపీ ఉందో లేదో, కడుపులో అల్సర్ ఉందో, నొప్పి మొదలై ఎంతసేపయిందో, అప్పటికే ఏం మింగారో అవతలివాళ్లకు తెలీదు. సాయం చేయాలన్న ఆత్రంలో తమకు పనిచేసిన మందు పేరు రాసేస్తారు. దురుద్దేశం ఏమీ ఉండదు, ప్రమాదం మాత్రం ఉంటుంది. సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మందులనే తీసుకోండి. మైగ్రేన్‌కి అవి చాలామందికి బాగా పనిచేస్తాయి. కానీ రక్తనాళాలను బిగిస్తాయి కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వాటి జోలికి పోకూడదు. మైగ్రేన్‌కి వాడే పాత మందు ఎర్గోటమిన్ ఉన్న మాత్ర వేసుకుంటే 24 గంటలు గడిచేదాకా ట్రిప్టాన్ వేసుకోకూడదు. ఆ ముప్ఫై జవాబుల్లో ఈ సంగతి ఎంతమంది అడిగారో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి.

ఒకే మాత్ర ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడానికి చాలాసార్లు కారణం మందు కాదు, వేసుకున్న వేళ. మైగ్రేన్ ముదిరేకొద్దీ జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర పేగుల్లోకి దిగకుండా అక్కడే కూచుంటుంది. నొప్పి లేతగా ఉన్నప్పుడే వేసుకున్నవాళ్లు ‘అద్భుతం’ అంటారు. రెండు గంటలు ఓర్చుకుని, వాంతులు మొదలయ్యాక మింగినవాళ్లు ‘దండగ’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వికారం ముందే తన్నుకొచ్చేవాళ్లకు మెటోక్లోప్రమైడ్, డొంపెరిడోన్ లాంటి మందు కలిపి రాస్తారు, లేదంటే ముక్కులో కొట్టుకునే స్ప్రేకో ఇంజెక్షన్‌కో మారుస్తారు. నొప్పికి ముందు కళ్లెదుట మెరుపు గీతలు కనిపించేవాళ్లు ట్రిప్టాన్‌ని ఆ గీతలు కనిపించేటప్పుడు కాకుండా నొప్పి మొదలవగానే వేసుకోవాలి.

కాబట్టి అడగాల్సిన పద్ధతి వేరు. నొప్పి లేని రోజున ఇలా పెట్టి చూడండి: ‘సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు, డాక్టరు రాసిందే. నొప్పి మొదలైన గంటన్నరకు వేసుకున్నాను. రెండు గంటల్లో సగం తగ్గింది, రాత్రికి తిరగబెట్టింది. వరసగా నాలుగుసార్లు ఇదే తంతు. ఇలా తిరగబెట్టేవాళ్లకు డాక్టర్లు ఏం మార్చారు?’ దీనికి వచ్చే జవాబులు చూడండి. ఒకరు ‘ఇంకా ముందే వేసుకోమన్నారు’ అంటారు. మరొకరు ‘100 చేశారు’ అంటారు. ఇంకొకరు ‘నాప్రాక్సెన్ జత చేశారు’ అంటారు. వేరే ట్రిప్టాన్‌కి మార్చారని చెప్పేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ వైద్యంలో ఉన్న పద్ధతులే. వాటిని కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నొప్పి వచ్చిన వేళ చూడాల్సింది గ్రూపు కాదు, డాక్టరుతో ముందే మాట్లాడి రాయించుకున్న మూడు వరుసల చీటీ. మొదట ఏది వేసుకోవాలి, ఎంతసేపటికి తగ్గకపోతే తర్వాతది ఏది, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి అన్నవి అందులో ఉంటే చాలు. ఫోను వెలుగు కూడా కళ్లలో పొడవదు.

ప్రశ్న: నెలలో ఇరవై రోజులు నొప్పి మాత్ర పడాల్సిందే. గ్రూపులో అడిగితే ‘మేమందరం అంతే, అలవాటైపోయింది’ అన్నారు. మాత్ర వేసుకున్నా ఈ మధ్య మునుపటిలా తగ్గడం లేదు. ఇంకా బలమైనది ఉందా?

జవాబు: బలమైనదాని కోసం వెతక్కండి. మీరు చెప్పిన లెక్కను బట్టి చూస్తే ముందు అనుమానించాల్సింది మాత్రనే. నొప్పి మందులు మితిమీరి వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి పుడుతుంది. దీన్ని మందుల మితిమీరిన వాడకం వల్ల వచ్చే తలనొప్పి అని విడిగా గుర్తించారు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణలో దీనికి హద్దులు స్పష్టంగా ఉన్నాయి. పారాసిటమాల్, ఇబూప్రొఫెన్, నాప్రాక్సెన్ లాంటివి విడిగా వాడితే నెలకు 15 రోజులు. ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కోడీన్, ట్రమడాల్ లాంటివైతే నెలకు 10 రోజులే. రెండు మూడు మందులు కలిసిన మాత్రలకూ 10 రోజులే హద్దు. మూడు నెలలకు పైగా ఆ హద్దును ముట్టుకుంటూ, నెలలో సగం రోజులకు తక్కువ కాకుండా తలనొప్పి ఉంటే ఈ కోవలోకి వస్తారు.

ఇక్కడే అందరూ పొరబడతారు. లెక్కపెట్టాల్సింది మాత్రలను కాదు, రోజులను. ఒక్క రోజు నాలుగు మింగినా అది ఒక రోజే. రోజూ సగం బిళ్ల వేసుకున్నా నెలకు ముప్ఫై రోజులే. రెండో పొరపాటు, పారాసిటమాల్‌తో కెఫీన్ కలిసిన మాత్రను మామూలు పారాసిటమాల్ లెక్కలో వేయడం. అది 10 రోజుల జాబితాలోది. మాత్ర అట్ట వెనక మందుల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి, చదవండి. జలుబు మందులోనూ పారాసిటమాల్ దాక్కుని ఉంటుంది. పెద్దవాళ్లు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికే ముప్పు.

క్యాలెండర్ తీసుకోండి. నొప్పి ఉన్న రోజు ఒక గీత, మందు వేసుకున్న రోజు ఒక చుక్క. ఇంకేమీ రాయక్కర్లేదు. పేజీలకు పేజీలు డైరీ రాయమంటే రెండో వారానికే మానేస్తారు. నెలాఖరుకి ‘22 గీతలు, 17 చుక్కలు’ అని డాక్టరుకి చెబితే సగం సంగతి ఆయనకు అర్థమైపోతుంది.

మానేశాక ఏమవుతుందో ముందే తెలిసుండాలి. మొదట్లో నొప్పి పెరుగుతుంది. రెండు రోజుల నుంచి పది రోజుల దాకా గడ్డుకాలం. ట్రిప్టాన్లు మానినవాళ్లకు అది త్వరగా గడుస్తుంది, మామూలు నొప్పి మాత్రలు మానినవాళ్లకు ఎక్కువ రోజులు పడుతుంది. వికారం, నిద్ర పట్టకపోవడం, చిరాకు ఉంటాయి. ‘మానేశాను, ఇంకా ఎక్కువైంది, అంటే నాకు మాత్ర కావాల్సిందే’ అని చాలామంది నాలుగో రోజు వెనక్కి వచ్చేది ఇక్కడే. డాక్టర్లు సాధారణంగా ఇదే సమయంలో నొప్పి రాకుండా చూసే మందు మొదలుపెడతారు, మధ్యలో ఆసరాగా వేరే మందు ఇస్తారు. కోడీన్, ట్రమడాల్ లాంటివి గానీ, నిద్రమాత్రల జాతి మందులు గానీ రోజూ వాడుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారి ఆపకూడదు, ఆసుపత్రి పర్యవేక్షణ కావాలి.

గ్రూపు నిజంగా అక్కరకొచ్చేది ఈ పది రోజుల్లోనే. ఇద్దరిద్దరుగా జోడీ కట్టండి. మందు పేర్లు వద్దు, సలహాలు వద్దు, వారానికోసారి చుక్కల లెక్క మాత్రం ఒకరికొకరు పంపుకోండి. 10 రోజుల హద్దు ఉన్నవాళ్లకు ఏడో చుక్క పడగానే అవతలివాళ్లు ‘ఏడు’ అని ఒక్క మాట రాస్తే చాలు. ‘అందరం అంతే’ అనే మాట కంటే ఆ ఏడు అనే మాట ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: మా గ్రూపులో మైగ్రేన్ తెప్పించే పదార్థాల పట్టిక తిరుగుతోంది. అరవై పైనే ఉన్నాయి. ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చాను. తినడానికి ఏమీ మిగల్లేదు, నొప్పి మాత్రం తగ్గలేదు.

జవాబు: ఆ పట్టిక పక్కన పడేయండి. వేళకు తినకపోవడమే చాలామందికి నొప్పి తెప్పిస్తుంది, కాబట్టి మీ పథ్యమే మీ మీద తిరగబడి ఉండొచ్చు.

ఇంకో మెలిక ఉంది. మైగ్రేన్ నొప్పితో మొదలవదు. కొన్ని గంటల ముందు నుంచి, ఒక్కోసారి రెండు రోజుల ముందు నుంచి ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాటిమాటికి మూత్రం, తీపి మీదికి మనసు పోవడం లాంటివి ఉంటాయి. తీపి మీదికి మనసు పోయి చాక్లెట్ తింటారు, తర్వాత నొప్పి వస్తుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. అప్పటికే మైగ్రేన్ మొదలై ఉండొచ్చు. వెలుగు చుర్రుమనడం, మెడ నొప్పి కూడా అంతే, కారణాలు అనుకున్నవి లక్షణాలై ఉండొచ్చు.

మానిన వాటిని వెనక్కి తెచ్చుకోండి, వారానికి ఒకటి చొప్పున. నిజంగా అనుమానం ఉన్నదాన్ని ఒకదాన్నే పట్టుకోండి. అది తిన్న రోజులు, తిన్న తర్వాత 24 గంటల్లో నొప్పి వచ్చినవి, రానివి కూడా రాయండి. రాని రోజులు రాయకపోతే పరీక్షకు అర్థం లేదు. పది సార్లు తింటే రెండు సార్లు నొప్పి వచ్చిందనుకోండి, అది నేరస్థుడు కాదు. చాలామందికి ఒక్క కారణం కాదు, రెండు మూడు కలిస్తేనే గట్టు తెగుతుంది: నిద్ర తప్పడం, నెలసరి దగ్గరపడటం, పైగా ఒక పూట తిండి మానడం. నెలసరి మొదలయ్యే రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా, మూడు నెలల్లో కనీసం రెండు నెలలు నొప్పి వస్తుంటే ఆ సంగతి డాక్టరుకి విడిగా చెప్పండి, దానికి వేరే చికిత్స ఉంది. కెఫీన్ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారి ఆపకండి, ఆపినా తలనొప్పే. రోజుకు కొంత చొప్పున తగ్గించండి.

ప్రశ్న: నొప్పి రాకుండా చూసే మందంటూ డాక్టరు టోపిరమేట్ రాశారు. గ్రూపులో ‘అది వాడితే మతిమరుపు వస్తుంది, నేను మానేశాను’ అని పదిమంది రాశారు. రెండు వారాలకు నేనూ ఆపేశాను. తప్పు చేశానా?

జవాబు: ఆ పదిమంది అబద్ధం చెప్పలేదు. టోపిరమేట్‌తో మాట నోటికి అందకపోవడం, వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, ఆకలి చచ్చి బరువు తగ్గడం కొందరికి ఉంటాయి. కిడ్నీలో రాళ్లూ రావొచ్చు. అరుదుగా ఉన్నట్టుండి కంటి నొప్పి, చూపు మసకబారడం వస్తే వెంటనే డాక్టరుకి చూపించాలి. అందుకే దీన్ని 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 25 చొప్పున పెంచుతారు. ఎక్కువమందికి రోజుకు 100 దగ్గర ఆపుతారు. ఇబ్బంది పెడితే పెంచడం నెమ్మదిస్తారు, లేదా మందే మారుస్తారు.

గ్రూపులో మీకు కనిపించనిది ఒకటుంది. మందు కుదిరి నొప్పులు సగానికి తగ్గినవాళ్లు గ్రూపులో కూచోరు, తమ పనిలో పడిపోతారు. మిగిలేది ఎక్కువగా కుదరనివాళ్లే. పదిమంది మానేశారని తెలుస్తుంది, ఎంతమందిలో పదిమందో తెలీదు. ఏ మందు గురించి అడిగినా ‘వాడి ఆరు నెలలు దాటినవాళ్లు కూడా చెప్పండి’ అని చేర్చండి.

ఇక మీ రెండు వారాల విషయం. నొప్పి రాకుండా చూసే మందు ఏదైనా, సరైన డోసుకి చేరాక 8 నుంచి 12 వారాలు చూడనిదే పనిచేసిందీ లేనిదీ చెప్పలేం. నెలకు నొప్పి రోజులు సగం తగ్గితే మంచి ఫలితం కింద లెక్క, పూర్తిగా పోవడం కాదు. మీరు 50 దాటి ఉండరు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రొప్రనలాల్ (ఆస్తమా ఉంటే కుదరదు), రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలయ్యే అమిట్రిప్టిలిన్, కాండెసార్టాన్ లాంటి వేరే దారులున్నాయి. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. టోపిరమేట్, ఇదే పనికి వాడే వాల్‌ప్రోయేట్ రెండూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ప్రశ్న: నిన్న మొదటిసారి కళ్లెదుట మెరిసే వంకర గీతలు కనిపించాయి. గ్రూపులో ‘అది ఆరానే, భయపడకు’ అన్నారు. డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదా?

జవాబు: పోవాలి. ఆరానే (మైగ్రేన్ నొప్పికి ముందు వచ్చే ఇలాంటి మెరుపులు) కావొచ్చు, కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాట అనాల్సింది గ్రూపు కాదు. ఆరా నెమ్మదిగా పాకుతుంది. చిన్న చుక్కలా మొదలై, అయిదు నిమిషాలో ఇంకా ఎక్కువో తీసుకుని విస్తరిస్తుంది, గంటలోపు పోతుంది. మెదడు పైపొర మీద నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో ఒక అల కదలడం దీనికి కారణం, గీత నెమ్మదిగా పెద్దదయ్యేది అందుకే. పక్షవాతం అలా కాదు, ఒక్కసారిగా వస్తుంది. మెరుపులు కనిపించడం కంటే చూపు, మాట, బలం పోవడమే ఎక్కువ.

ఆరా అని తేలితే గైనకాలజిస్టుకి కూడా చెప్పండి. ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు ఆరా ఉన్నవాళ్లు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి, పక్షవాతం ముప్పు పెరుగుతుంది కాబట్టి. పొగతాగే అలవాటు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ.

ప్రశ్న: మేం కొందరం కలిసి మైగ్రేన్ గ్రూపు పెట్టాలనుకుంటున్నాం. ఏ నియమాలుండాలి?

జవాబు: మొదటిది, అడ్మిన్లు ముగ్గురుండాలి. అడ్మిన్‌కి కూడా మైగ్రేనే కదా, ఒకరు చీకటి గదిలో పడుకుంటే గ్రూపు దిక్కులేనిదవుతుంది.

కళ్లకూ చెవులకూ సంబంధించినవి ముందు తేల్చుకోండి. మినుకుమినుకుమనే కదిలే బొమ్మలు, చారల బొమ్మలు, తనంతట తనే మోగే వీడియోలు వద్దు. ‘నా ఆరా ఇలా ఉంటుంది’ అంటూ ఎవరో ఒకరు వంకర గీతల బొమ్మ పెడతారు, చూసినవాళ్లలో కొందరికి అదే కళ్లు తిప్పుతుంది. మాటల్లో రాయమనండి. వాయిస్ మెసేజ్ పెడితే నిమిషం మించకూడదు, కింద ఒక వరుసలో సారాంశం రాయాలి. నొప్పిలో కొందరు చదవలేరు, కొందరు వినలేరు.

మందుల గురించి రాసే పోస్టులో మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు), డోసు, ఎన్నాళ్లు వాడారు, ఏం జరిగింది అన్నవి ఉండాలి. ‘నేను’ అని మొదలవ్వాలి. ‘మీరు వేసుకోండి’, ‘మీరు మానేయండి’ అన్న రెండు మాటలు కనిపిస్తే అడ్మిన్ తీసేయాలి. ‘నాకు విడిగా మెసేజ్ పెట్టండి, శాశ్వతంగా తగ్గిస్తాను’ అన్నవాణ్ణి హెచ్చరిక లేకుండా పంపించేయండి. మైగ్రేన్‌ను అదుపు చేసే చికిత్సలున్నాయి, శాశ్వతంగా పోగొట్టేది ఇంకా లేదు.

వాట్సాప్ గ్రూపులో చేరితే మీ ఫోను నంబరు సభ్యులందరికీ కనిపిస్తుందని చేరేవాళ్లకు ముందే చెప్పండి. ప్రిస్క్రిప్షన్ ఫోటోలో పేరు, ఆసుపత్రి నంబరు కత్తిరించాకే పెట్టనివ్వండి.

పైన ఎప్పుడూ కనిపించేలా ఒక మెసేజ్ అతికించి ఉంచండి. ఈ కిందివాటిలో ఏది ఉన్నా గ్రూపులో రాయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని అందులో ఉండాలి: నిమిషంలోపే పతాక స్థాయికి చేరిన, జీవితంలో ఎన్నడూ ఎరగని తలనొప్పి. జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం. మూతి వంకర పోవడం, కాలూచెయ్యీ పడిపోవడం, మాట తడబడటం, మూర్ఛ. తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత కొత్తగా వచ్చిన నొప్పి. 50 ఏళ్లు దాటాక తొలిసారి మొదలైన తలనొప్పినీ, దగ్గినా వంగినా పెరిగే నొప్పినీ కూడా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలని చేర్చండి.

ఇంకో సంగతికి సిద్ధంగా ఉండండి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కుంగుబాటు ఎక్కువ. ఎవరైనా ‘ఇంక బతకాలని లేదు’ అని రాస్తే దండం బొమ్మలు, ధైర్యం బొమ్మలు పెట్టి ఊరుకోకూడదు. అడ్మిన్ ఫోన్ చేసి మాట్లాడాలి, చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. పక్కన మనిషి ఉండేలా చూడాలి, అత్యవసర నంబరుకి చెప్పాలి. అందుకే చేరేటప్పుడే ఇంట్లో ఒకరి నంబరు అడ్మిన్‌కి ఇచ్చిపెట్టడం మంచిది, ఇష్టమున్నవాళ్లు.

ప్రశ్న: ‘ఆ గ్రూపు చూసీ చూసీ నీకు నొప్పి ఎక్కువైంది’ అంటారు మా ఆయన. నిజమా?

జవాబు: లెక్క చూస్తే తెలుస్తుంది. మిడాస్ అని అయిదు ప్రశ్నల కొలత ఒకటుంది. గత మూడు నెలల్లో తలనొప్పి వల్ల ఉద్యోగం, ఇంటిపని, నలుగురితో గడపడం ఎన్ని రోజులు పోయాయో కూడుతారు. 5 దాకా పెద్ద ఇబ్బంది లేనట్టు, 6 నుంచి 10 కొద్దిపాటి, 11 నుంచి 20 ఓ మోస్తరు, 20 దాటితే తీవ్రం. ఇప్పుడొకసారి, మూడు నెలలయ్యాక ఒకసారి వేయండి. ఈలోగా గ్రూపును మ్యూట్‌లో పెట్టి పగటిపూట ఇరవై నిమిషాలే చూడండి. అర్ధరాత్రి దాకా ఇతరుల బాధలు చదువుతూ నిద్ర పోగొట్టుకుంటుంటే మాత్రం ఆయన అన్నది నిజమే. ఆ మొదటి లెక్క ఆయన పక్కన కూచునే వేయండి. ‘నొప్పి’ అంటే పట్టించుకోనివాళ్లు ‘మూడు నెలల్లో 26 రోజులు’ అంటే ఆగి వింటారు.

ప్రశ్న: బటర్‌బర్ అనే మూలిక మాత్రలు మైగ్రేన్‌కి మంచివని, అమెరికా డాక్టర్ల సంఘమే చెప్పిందని గ్రూపులో ఒక పాత మెసేజ్ తిరుగుతోంది. మెగ్నీషియం, బి2 విటమిన్ కూడా అందులో ఉన్నాయి. వాడొచ్చా?

జవాబు: ఆ మెసేజ్ పుట్టినప్పుడు నిజమే. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2012లో బటర్‌బర్‌ను సిఫారసు చేసింది. కాలేయం దెబ్బతింటోందన్న ఆందోళనతో 2015లో ఆ సిఫారసును ఉపసంహరించుకుంది. మొదటి వార్త ఇంకా తిరుగుతూనే ఉంది, రెండోది ఎవరూ పంపరు. బటర్‌బర్ వద్దు.

మెగ్నీషియం రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు, బి2 రోజుకు 400 మిల్లీగ్రాములు మూడు నెలలు వాడి చూడటం డాక్టర్లు కూడా చెప్పేదే. మెగ్నీషియంతో విరేచనాలైతే డోసు తగ్గించాలి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా ముట్టుకోకూడదు. బి2 వేసుకుంటే మూత్రం నిమ్మపండు పసుపులో వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. ఇప్పటికే బటర్‌బర్ వాడినవాళ్లకు మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా అది వేరే సంగతి. మాత్రలు ఆపి అదే రోజు డాక్టరుకి చూపించి లివర్ పరీక్ష చేయించుకోండి.